మొదటి విస్తరి

మింగడమనే పనిని నేను ఎప్పుడైనా చేశానా, లేక అది నాలో తనంతట తానే జరిగిపోతూ వచ్చిందా?

ఆ వేసవికి ముందు ఈ ప్రశ్న నాకు తట్టలేదు. కర్మ ఏది, కర్త ఎవరు, ఇచ్ఛ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది అని విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివాను. పరీక్షల్లో పేజీలు నింపాను. ఆ రోజుల్లో తిన్న అన్నమంతా గొంతు దాటి ఎలా దిగిందో మాత్రం ఆలోచించలేదు. ఆలోచించనవసరం లేకపోవడమే ఆరోగ్యమని ఇప్పుడు అనుకుంటాను. మనిషి తన గొంతును తలుచుకోవడం మొదలుపెట్టాడంటే అప్పటికే అక్కడ ఏదో చెడింది.

మాది అమీర్‌పేటలో భోజనాల మెస్. జావా, డాట్ నెట్, టెస్టింగ్ టూల్స్ అన్న ఫ్లెక్సీలు ఒకదాని మీద ఒకటి కట్టి ఆకాశాన్ని మూసేసిన సందులో, మేడ కింద పొడుగాటి హాలు. మేము పైన ఉండేవాళ్లం. కోస్తా జిల్లాల్లో ఇంటికొక కుర్రాడు సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి రాత్రి బస్సెక్కుతున్న సంవత్సరాలవి. వాళ్లు ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో పడుకుని, అమీర్‌పేటలో చదువుకుని, మా హాలులో అన్నం తినేవాళ్లు.

ఆ మెస్‌కి ఒక పద్ధతి ఉండేది. మధ్యాహ్నం విస్తళ్లు వేసి, నీళ్లు పోసి, కుర్రాళ్లంతా కూర్చున్నాక కూడా వడ్డన మొదలయ్యేది కాదు. గుమ్మంలోంచి చూసినా కనిపించేలా గోడవారగా ఒక బల్ల ఉండేది. మొదటి విస్తరి దాని మీద పడేది. మా నాన్న సూర్యనారాయణగారు వచ్చి దాని ముందు కూర్చునేవారు. అమ్మ స్వయంగా వడ్డించేది. ఆయన ముద్దపప్పులో నెయ్యి కలిపి, అందరూ చూస్తుండగా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి, మింగి, ఎడమ చెయ్యి పైకెత్తి, "కానివ్వండి" అనేవారు. అప్పుడు కదిలేవి బకెట్లు. యజమాని తిన్నాకే మీకు అని గోడ మీద రంగుతో రాయించారు కూడా.

"ఓనర్‌గారూ, జర జల్దీ మింగండి, ఒంటిగంటకి క్లాసుంది" అని వెనక బల్లల నుంచి ఎవడో ఒకడు హైదరాబాదు యాసని అరువు తెచ్చుకుని అరిచేవాడు. నాన్న వినిపించుకునేవారు కాదు. మాటకు మాట అప్పజెప్పడం మాత్రం ఆయనకు బాగా తెలుసు. అన్నం వదిలేసి లేచే కుర్రాడిని అందరి ముందూ ఆపి, "మీ అమ్మ వండింది కూడా ఇలాగే పారేస్తావా బాబూ, లేక నేను వండించానని అలుసా?" అని అడిగేవారు. వాడు మళ్లీ కూర్చుని ఆఖరి మెతుకు దాకా తినేవరకు పక్కనే నించునేవారు. నన్ను కూడా వదల్లేదు. నేను హాలులోకి వస్తే చాలు, "మా అమ్మాయి ఫిలాసఫీ చదివిందండీ. అంటే ఏంటంటే, అన్నం ముందు పెట్టుకుని ఇది అన్నమేనా అని అడగడం" అనేవారు. హాలంతా నవ్వేది. ఆ నవ్వులో దురుసుతనం ఉండేది, కాని అబద్ధం లేదు. నేనూ నవ్వేదాన్ని.

ఎండలు ముదురుతున్న రోజుల్లో, తాలింపు దగ్గర నించున్న నాన్న నించున్నట్టే ఎడమ పక్కకి ఒరిగిపోయారు.

బంజారాహిల్స్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి ఆయన్ని బతికించి ఇంటికి పంపింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పనిచేయడం మానేశాయి. మాట ముద్దముద్దగా వచ్చేది. మనసు మాత్రం చెక్కుచెదరలేదు. ముక్కులోంచి పొట్టలోకి సన్నటి పైపు వేసి, పరీక్ష చేసేదాకా నోటికి ఏమీ ఇవ్వవద్దని చెప్పారు.

అమ్మకి ఆ మాట అర్థమైంది, కాని లోపలికి దిగలేదు. పదిమందికి అన్నం పెట్టే ఇంట్లో ఇంటి యజమాని నాలుక తడపకుండా ఎన్నాళ్లుంచుతుంది? జబ్బు మనిషికి మన ఇళ్లల్లో ఏం పెడతామో అదే పెట్టింది. మెత్తగా ఉడికించిన అన్నంలో పలచటి చారు పోసి, పిసికి, చెంచాతో. దానికి పథ్యమని పేరు. అంతకంటే తేలికైన తిండి ఈ లోకంలో ఉందని మాకెవరికీ తెలియదు.

మొదటి చెంచాకే పొలమారింది. కళ్లమ్మట నీళ్లు కారాయి. అమ్మ ఆయన నడినెత్తిన తట్టి, గడ్డం పైకెత్తి పట్టుకుని, "పైకి చూడండి, పైకి చూడండి. ఎవరో తలుచుకుంటున్నారు. మీ చెల్లెలే అయ్యుంటుంది" అంది.

"ఎవరు తలుచుకుంటే ఏంటమ్మా, పెట్టొద్దన్నారుగా" అన్నాను.

"నువ్వు ఊరుకో. పొలమారని గొంతు ఎవరికుంది?"

కొన్నాళ్లకి ఆ దగ్గు దానంతటదే ఆగిపోయింది. చెంచా తరవాత చెంచా ప్రశాంతంగా లోపలికి వెళ్లేది. అమ్మ మొహం విప్పారింది. "చూశావా భావనా, గొంతు కుదురుకుంది" అంది. గిన్నె ఖాళీ అయ్యేది. ఆయన గొంతు మాత్రం ఎప్పుడూ నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టు గురగురలాడేది. తరవాత జ్వరం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఊపిరి అందక గోళ్లు నీలంగా మారాయి.

ఈసారి పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. ఊపిరితిత్తుల్లో చీము పట్టిందన్నారు. అది తగ్గుముఖం పట్టాక బిందు అన్న అమ్మాయి వచ్చింది. మాట పడిపోయిన వాళ్లకి మాట నేర్పే థెరపిస్టు. సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిందట.

"మాట నేర్పే ఆవిడకి మింగుడుతో పనేంటండీ?" అని అమ్మ అడిగింది.

"మాటకూ ముద్దకూ తొవ్వ ఒక్కటే అమ్మా" అంది బిందు. "ఏం పెడుతున్నరు ఇంట్ల?"

"ఏం పెడతామమ్మా, చారన్నమే. పథ్యం."

బిందు వెళ్లి ఎక్స్‌రే గది ఖాళీ ఉందేమో కనుక్కుని వచ్చింది.

ఆ గదిలోకి అమ్మ రాలేదు. అన్నయ్య వంశీకృష్ణా నేనూ ఎక్స్‌రే తగలకుండా బరువైన అంగీలు తొడుక్కుని తెర ముందు నించున్నాం. బిందు ఒక తెల్లటి పొడిని గడ్డపెరుగులో కొంత, చారన్నంలో కొంత కలిపింది. తెర మీద తిండి నల్లగా కనపడాలంటే అది కలపాలట. నాన్నను పక్కకి తిప్పి కూర్చోబెట్టారు. తెర మీద బూడిదరంగులో ఆయన దవడ, మెడ ఎముకలు, నాలుక నీడ కదులుతున్నాయి. మా నాన్న లోపల ఇలా ఉంటారని నేనెప్పుడూ ఊహించలేదు. ఎవరి లోపలైనా ఇలాగే ఉంటుంది. ఆ సమానత్వం నాకు ఓదార్పు అనిపించలేదు.

గడ్డపెరుగు నల్లటి ముద్దగా నాలుక మీద నించుని, ఆలస్యంగా, వెనక్కి జారి, కొంత అక్కడే చిక్కుకుని, మిగతాది అన్నవాహికలోకి దిగింది. తరవాత చారన్నం. మెతుకు ఆగింది. చారు ఆగలేదు. అది ఎవరూ పిలవకుండానే ముందుకి జారి, రెండు దారులు చీలే చోట, తప్పు దారిలోకి వెళ్లింది. సన్నటి నల్ల గీత ఒకటి ఊపిరి గొట్టం గోడ వెంట కిందికి దిగుతూ పోయింది.

నాన్న దగ్గలేదు. బాగా తిన్న మనిషిలా మావైపు చూశారు. ఆయన్ని వార్డుకి తోసుకెళ్లాక మేం ముగ్గురమే తెర ముందు మిగిలాం.

"దగ్గలేదుగా. బాగానే మింగారు" అన్నాడు అన్నయ్య.

"దగ్గలేదు కాబట్టే భయం అన్నా" అంది బిందు. "నాలుక ఎనుకకు నెట్టేదాకనే మన చేతిల ఉంటది. ఆడికెల్లి అది మన మాట ఇనది. ఊపిరి గొట్టం మీద తలుపు దానంతటదే పడాలె. ఆయనకు లేటుగ పడుతుంది. లోపటికి పోయినా ఆయనకు తెలుస్తలేదు. మొదట్ల దగ్గిండు, ఇప్పుడు ఆ ఎరికె సుత పోయింది. మీరేమో తక్కువైందనుకున్నరు."

"చారన్నం పలచగానే ఉంటుంది కదా" అన్నాను.

"గదే అక్కా. మెతుకు ఒక తీరు నడుస్తది, నీళ్లు ఒక తీరు ఉరుకుతయి. గీ జబ్బుల గంతకన్న డేంజర్ తిండి లేదు. ఇంకోటి, పొలమారినప్పుడు గదువ పైకి లేపిన్రా?"

లేపామని తల ఊపాను.

"అట్ల లేపితే ఊపిరి గొట్టం ఇంకింత తెరుసుకుంటది. గదువ కిందికి వంచాలె, ఛాతీకి ఆనేటట్టు. సరే, ఇప్పుడు అది సుత వద్దు. పొట్ట మీద చిన్న రంధ్రం చేసి గొట్టం పెడుతరు. పెద్ద ఆపరేషన్ కాదు. దానితోని తిండి పోతది, బలమొస్తది. నేను రోజూ మెడకు, నాలుకకు కసరత్తు చేపిస్త. కొన్ని నెలలకు తొవ్వ కుదరొచ్చు. కుదరకపోవచ్చు సుత. అప్పటిదాంక నోటికి ఏం పెట్టొద్దు."

అన్నయ్య తెర మీద ఆగిపోయిన బొమ్మనే చూస్తున్నాడు. "ఒక్క ముద్ద" అన్నాడు. "రోజుకి ఒక్కటే. పప్పన్నం, మెత్తగా. జూన్ దాకా అలా నెట్టుకురావచ్చా?"

"నెట్టుకొచ్చుడేంది అన్నా? ఒక్క ముద్దకు ఏం గాకపోవచ్చు. గా ఒక్క ముద్దకే పానం పోవచ్చు సుత. నేనైతే పెట్టమని చెప్ప."

"అంటే, ఏం కాకపోవచ్చు కూడా."

ఆ మాటను నేను ఆశగా విన్నాను. తండ్రి నోటికి ఒక్క ముద్దయినా దక్కాలని కొడుకు బేరమాడుతున్నాడనుకున్నాను. జూన్ దాకా ఎందుకని అడగాలని నాకు తోచలేదు. జూన్‌లో పంజాగుట్టలో మా రెండో హాలు తెరవబోతున్నామని నాకూ తెలుసు.

ఈలోపు అమీర్‌పేట హాలులో మొదటి విస్తరి ముందు అన్నయ్యే కూర్చునేవాడు. తినేవాడు, చెయ్యెత్తేవాడు. కుర్రాళ్లు ఒప్పుకోలేదు. ఎదురు సందులో మెస్ వాళ్లు, "అక్కడ ఓనరే తినడం మానేశాడంట. ముక్కులోంచి పోస్తున్నారంట" అని వచ్చిన వాళ్లకల్లా చెప్పారు. "ఓనర్‌కే దిగని అన్నం మనకేం దిగుతుంది భాయ్" అన్న హాస్యం కోచింగ్ సెంటర్ల మెట్ల మీద తిరిగింది. వెనక బల్లలు ఖాళీ అయ్యాయి. తరవాత మధ్య బల్లలు.

ఆసుపత్రి నుంచి నాన్నను తీసుకొచ్చిన రోజు అన్నయ్య వంటగదిలో అమ్మనూ నన్నూ నించోబెట్టి మాట్లాడాడు.

"పొట్టకి గొట్టం వద్దంటున్నారు నాన్న. గొట్టం పెడితే ఇంక విస్తరి ముందు కూర్చోనని ఏడుస్తున్నారు. రోజూ ఒక్క ముద్ద జనం ముందు తింటారంట. అప్పుడు పైపు కనపడకూడదంట."

"ప్రాణం పోవచ్చని చెప్పావా?" అన్నాను.

"చెప్పాను. పోతే విస్తరి ముందే పోతానన్నారు."

అది నాన్న అనగలిగిన మాటే. అందుకే నమ్మాను.

"అయినా మనం ఒప్పుకోకూడదు అన్నయ్యా."

"ఏవే, నువ్వే కదా చెబుతుంటావు, మనిషి బతుకు మనిషి చేతిలోనే ఉండాలని. పుస్తకాల్లో ఉంటే ఒప్పుకుంటావు, నాన్న అంటే ఒప్పుకోవా? ఆయనేమన్నా పసివాడా?"

నా మాటలే అన్నయ్య నోట్లోంచి వచ్చాయి.  అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండా, "ఆయన మాట కాదనే అలవాటు ఈ ఇంట్లో ఎవరికుంది" అంది.

అలా మొదలైంది. మే నెలంతా అదే. మధ్యాహ్నానికి ముందు హనుమాండ్లు, మా మెస్‌లో వడ్డన చూసుకునే పెద్దమనిషి, నాన్న భుజాలు పట్టుకునేవాడు. అన్నయ్య ముక్కు మీద ప్లాస్టరు ఊడదీసి, పైపు లాగేవాడు. లాగుతున్నంతసేపూ నాన్న కుడికాలి మడమ మంచం మీద రాసుకుంటూ ఉండేది. మొహం తుడిచి, గడ్డం గీసి, ఇస్త్రీ చొక్కా తొడిగి, చక్రాల కుర్చీలో హాలులోకి తోసుకెళ్లేవాళ్లు.

మొదటి రోజు కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. నాన్న కుడిచేత్తో తానే ముద్ద చేశారు. నోట్లో పెట్టుకుని చాలాసేపు ఉంచుకున్నారు. కంఠమణి ఒకసారి సగం లేచి, ఆగి, మళ్లీ లేచింది. దగ్గు రాలేదు. హాలంతా ఊపిరి పీల్చుకుంది. వెనక నించున్న అన్నయ్య ఆయన ఎడమ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని పైకెత్తి, "కానివ్వండి" అన్నాడు.

బకెట్లు కదిలాయి. నాన్నను లోపలికి తోసుకెళ్లాక సందు చివర క్లినిక్ నుంచి కాంపౌండరు వచ్చి మళ్లీ పైపు దింపేవాడు. అప్పుడు అమ్మ మిక్సీ వేసేది. రుబ్బడానికి ఏమీ లేకపోయినా వేసేది.

"చెల్లె," అన్నాడు హనుమాండ్లు ఒకరోజు, చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ. "పెద్దసారు జిద్దు మనిషే, గానీ గింత జిద్దు నేనెన్నడు సూడలె. పైపు గుంజినప్పుడు నా చెయ్యి పట్టుకుంటుండు. ఇష్టం ఉన్నోడు అట్ల పట్టుకోడు."

నెలాఖరుకి వెనక బల్లలు మళ్లీ నిండాయి. బిందు ఫోన్ చేసింది. "పొట్ట గొట్టం ముచ్చట ఏమైంది అక్కా?"

"ఆయనే వద్దంటున్నారు."

"మీతోని అన్నడా?"

"అన్నయ్యతో."

"మీరడుగున్రి" అంది.

ఆ సాయంత్రమే అడిగాను. నాన్న మంచం మీద, కిటికీ వైపు తిరిగి ఉన్నారు. మా మధ్య అంతకుముందు ఇలాంటి సంభాషణ జరగలేదు. ఆయన హాలులో నన్ను వెక్కిరించేవారు, నేను నవ్వేదాన్ని. మాకు తెలిసిన భాష అదొక్కటే. "జరుగుతున్నదంతా మీకు ఇష్టమేనా నాన్నా?" అన్నాను. ఆయన నా మొహం చూసి, మెల్లగా తల ఊపారు. అడిగి తెలుసుకున్నానన్న తృప్తితో బయటికి వచ్చాను. నేను అడిగినదేమిటో ఆయనకు తెలియదని, ఆయన ఒప్పుకున్నదేమిటో నాకు తెలియదని నాకు అనుమానమైనా కలగలేదు.

జూన్‌లో మబ్బులు కమ్మాయి గాని వాన పడలేదు. పంజాగుట్టలో ఫ్లైఓవర్ కోసం తవ్విన మట్టి ఎగిరి కొత్త హాలు గాజు తలుపుల మీద కూర్చునేది. తెరిచిన రోజు గుమ్మానికి అరటి బోదెలు కట్టారు. అమీర్‌పేట కుర్రాళ్లను రమ్మన్నారు, ఖైరతాబాద్ ఆఫీసుల్లో గుమాస్తాలను రమ్మన్నారు. హాలు నిండింది. వరసలుగా విస్తళ్లు. గోడవారగా ఆ బల్ల.

నాన్నను పక్కనున్న సామాన్ల గదిలో, బియ్యం బస్తాల మధ్య ఉంచారు. అన్నయ్య పైపు లాగేసి, వచ్చేవాళ్లను పలకరించడానికి బయటికి వెళ్లాడు. నేను తడిగుడ్డతో ఆయన ముక్కు, పెదాలు తుడుస్తున్నాను. ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపారు.

"అమ్మాయీ... ఇంకా... ఎన్నాళ్లు?"

"ఏమిటి నాన్నా?"

"ఈ మందు."

"ఏ మందు?"

ఆయన కుడిచేతి వేళ్లు కలిపి నోటి దగ్గరికి తీసుకెళ్లి చూపించారు. ముద్ద.

"డాక్టరు... తినమన్నాడంటగా. పైపు తీసి... రోజూ ఒకటి. అలవాటు... పోకుండా. వాడు చెప్పాడు." ఊపిరి తీసుకోవడానికి ఆగారు. "నాకు... లోపల మంట. పడుకుంటే... ఊపిరాడదు. డాక్టరు చెప్పాడు కదాని... ఓర్చుకుంటున్నా."

తలుపు అవతల కుర్చీలు జరుగుతున్న చప్పుడు. ఎవరో మైకు ఊది చూస్తున్నారు.

నేను ఆయన ఎదురుగా బస్తా మీద కూర్చున్నాను. చెప్పాలా వద్దా అన్న తర్కం నాలో జరగలేదు. చెప్పాను. ఎక్స్‌రే గదిలో చూసినదంతా, నల్లటి గీత ఎటు దిగిందో, దగ్గు ఎందుకు రావడం లేదో, వరసగా, ఆయన హాలులో మాట్లాడేంత మామూలుగా చెప్పాను. "డాక్టరు ముద్ద పెట్టమనలేదు నాన్నా. వద్దన్నారు. పొట్టకి గొట్టం పెడతామన్నారు. కసరత్తు చేస్తే మళ్లీ మింగే అవకాశం ఉందన్నారు. మీరే వద్దన్నారని, విస్తరి ముందే పోతానన్నారని అన్నయ్య మాతో చెప్పాడు."

"నేనా?" అన్నారు.

పక్కనున్న బస్తా కుట్టును కుడిచేతి వేలితో తడిమారు. ఆ తరవాత అడిగారు.

"వాడికి... తెలుసా? ఇదంతా?"

"ఎక్స్‌రే గదిలో నా పక్కనే నించున్నాడు."

ఆయన తల ఊపారు. ఆ సాయంత్రం కిటికీ దగ్గర ఊపినట్టే ఊపారు. జబ్బు చేసినప్పటి నుంచీ ఎడమ కన్ను సరిగా మూతపడేది కాదు. కుడికన్ను మూసుకున్నారు.

అన్నయ్య తలుపు తోసుకుని వచ్చాడు. కొత్త చొక్కా, నుదుట కుంకుమ. "పదండి నాన్నా. జనం ఎదురుచూస్తున్నారు. ఇవాళ ఒక్కటీ బాగా తినేస్తే చాలు."

నాన్న కాదనలేదు. కుర్చీ తోస్తుంటే తోయనిచ్చారు. నేను వెనక నడిచాను. ఆయన తినాలనే నిర్ణయించుకున్నారనుకున్నాను. అన్నీ తెలిశాక తింటే అది నిజంగా ఆయన ఇష్టమే అవుతుంది, అప్పుడు నేను అడ్డుపడవచ్చా అని ఆ నాలుగు అడుగుల్లో నన్ను నేను ప్రశ్నించుకున్నాను. జవాబు రాకముందే బల్ల వచ్చింది.

అమ్మ వడ్డించింది. అన్నం, ముద్దపప్పు, నెయ్యి.  నాన్న కుడిచేత్తో కలపడం మొదలుపెట్టారు. తొందర లేదు. పలుకు లేకుండా వేళ్లతో మెదిపి, ఉండ కట్టి, చేతిలో ఒకసారి తిప్పి చూసుకున్నారు. తరవాత ఆ చేతిని తన నోటి వైపు కాక, పక్కనున్న కొడుకు వైపు చాపారు.

"కూర్చో" అన్నారు.

అన్నయ్య నవ్వి హాలు వైపు తిరిగాడు. "నాన్నగారు ముందు నాకు పెడతారంట."

"అబ్బో, వారసుడు" అని ఎవరో అన్నారు. కొందరు చప్పట్లు కొట్టారు. అన్నయ్య బల్ల పక్కన స్టూలు లాక్కుని కూర్చుని నోరు తెరిచాడు. నాన్న ముద్ద పెట్టారు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నెయ్యి అంటిన వేళ్లతో కొడుకు గడ్డం కింద పట్టుకుని, గొంతు వైపు చూస్తూ ఉన్నారు.

అన్నయ్య నమిలాడు. ముందు హాలును చూస్తూ నమిలాడు. తరవాత నాన్న మొహం చూశాడు. తరవాత నన్ను చూశాడు. దవడ ఆగిపోయింది.

"మింగు" అన్నారు నాన్న.

స్ట్రోకు వచ్చాక ఆయన నోటి నుంచి అంత స్పష్టంగా వచ్చిన మాట అదొక్కటే. అన్నయ్య మింగాడు. కంఠమణి నాన్న వేళ్ల మీదుగా పైకి లేచి, కిందికి దిగింది. ఎంత సులువుగా దిగిందో నాకూ కనిపించింది. నాన్న ఆ చోటు నుంచి చూపు తిప్పుకోవడానికి కొంత సమయం పట్టింది. ఆ తరవాత చేతిని విస్తరి అంచుకి తుడుచుకుని, నా కోసం వెతికి, "ఆసుపత్రి" అన్నారు.

"ఇప్పుడా?" అన్నయ్య గొంతు తగ్గించాడు. "నాన్నా, ఇంతమంది ముందు... ఒక్క గంట ఆగండి. భోజనాలవగానే నేనే తీసుకెళ్తా."

నాన్న అతని వైపు తిరగలేదు. కుడిచేత్తో కుర్చీ చక్రాన్ని పట్టుకుని తోశారు. ఒక్క చేత్తో తోస్తే కుర్చీ ఉన్న చోటే పక్కకి తిరుగుతుంది. నేను వెనక పిడులు పట్టుకున్నాను. విస్తళ్ల వరసల మధ్య నుంచి గుమ్మం వైపు నడిపించాను. ఒక కుర్రాడు కాళ్లు వెనక్కి తీసుకుని దారిచ్చాడు. ఇంకొకడు లేచి నించున్నాడు. తక్కినవాళ్లు వడ్డన వస్తుందా రాదా అని అమ్మ వైపు చూస్తున్నారు.

అమ్మ గరిటె పట్టుకుని అక్కడే నించుంది. "వడ్డించమంటావా?" అని అన్నయ్యను అడిగింది.

"వడ్డించండి" అన్నాడు అన్నయ్య.

మా వెనక బకెట్లు కదిలాయి. మొదటి విస్తరిలో ముద్ద తిన్నది ఇప్పటి యజమానే కదా.

హనుమాండ్లు ఒక్కడే పని వదిలి వచ్చాడు. ఇద్దరం కలిసి నాన్నను ఆటోలోకి ఎక్కించాం. కుర్చీని మడిచి నా కాళ్ల దగ్గర పెట్టాడు. ఆటో ఫ్లైఓవర్ మట్టిలో పడుతూ లేస్తూ వెళ్తుంటే నాన్న గురగురమంటూ ఊపిరి తీసుకుంటున్నారు.  నన్ను మెచ్చుకోలేదు, నిందించలేదు. దారిలో రెండుసార్లు పెదాలు తడుపుకోబోయి మానుకున్నారు.

బిందు వార్డు వరండాలో ఎదురైంది. చక్రాల కుర్చీని, ఆయన ముక్కుకి పైపు లేకపోవడాన్ని, నా మొహాన్ని చూసింది. "ఏమైంది అక్కా? మళ్ల జ్వరమా?"

"కాదు. గొట్టం పెట్టించడానికి వచ్చాం."

"ఇయ్యాల్నే అనుకున్నరా? ఇంట్ల అందరు ఒప్పుకున్నరా? మీ అన్న..."

నేను నోరు తెరిచేలోగా నాన్న కుడిచెయ్యి లేచింది. చొక్కాకి పొట్ట మీదున్న గుండీని వేళ్లతో వెతికి పట్టుకుని, వరండాలో అందరూ చూస్తుండగానే, విప్పడం మొదలుపెట్టారు.